హైదరాబాద్ స్టార్టప్స్: బిల్డింగులకు కొదవ లేదు.. మరి తొలి ఆర్డర్ సంగతేంటి? ఏ పనికి ఏ తలుపు తట్టాలి?

నాగోల్ నుంచి వచ్చే మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడ దిగి ఏ ఆటోవాలాని అడిగినా టీ-హబ్ ఎక్కడో చెప్పేస్తారు. దాదాపు 5.8 లక్షల చదరపు అడుగుల బిల్డింగ్. 2022 జూన్ 28న ఓపెన్ అయింది. దాని పక్కనే టీ-వర్క్స్. ఇంత పెద్ద ఏర్పాటు దేశంలో చాలా నగరాలకు లేదు. ఈ మాట హైదరాబాద్ గర్వంగానే చెప్పుకోవచ్చు.

కానీ కొత్తగా టెక్ కంపెనీ పెట్టిన కుర్రాళ్లను అడిగితే కథ వేరేగా ఉంటుంది. కూర్చోడానికి చోటు దొరుకుతుంది. సలహాలిచ్చేవాళ్లు దొరుకుతారు. దొరకనిది తొలి కస్టమర్. ఆ కస్టమర్ దొరికాక.. టైమ్‌కి రానిది బిల్లు డబ్బు. ఈలోపు చేతిలో ఉన్న సేవింగ్స్ నెల నెలా కరిగిపోతుంటాయి.

హైదరాబాద్‌లో టెక్ వ్యాపారాలకు ఉన్న అండ ఏంటి? అది ఎక్కడిదాకా వస్తుంది? ఎక్కడ చేయి వదిలేస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అప్పుడు బిల్డింగ్ చాలింది.. ఇప్పుడు చాలట్లేదు, ఎందుకు?

ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే 1990ల్లోకి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా, అంటే ఎస్‌టీపీఐ, 1991లో ఏర్పడింది. హైదరాబాద్‌లో అమీర్‌పేట మైత్రీవనం దాని అడ్డా. అప్పట్లో ఐటీ కంపెనీలకు కావాల్సినవి మూడే. కరెంటు పోని ఆఫీసు, విదేశాలకు డేటా పంపే శాటిలైట్ లింకు, పన్ను మినహాయింపు. ఆ తర్వాత మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చింది. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. కంపెనీలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, ఊరు మారిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ కంపెనీలకు కస్టమర్ ముందే ఉన్నాడు. అమెరికాలోనో, యూరప్‌లోనో బ్యాంకులు, బీమా కంపెనీలు పని ఇవ్వడానికి రెడీగా ఉన్నాయి. మనం ఇవ్వాల్సింది చోటు, లైను, మనుషులు. అందుకే బిల్డింగ్ కడితే సగం పని అయిపోయింది.

ఇప్పటి స్టార్టప్ అలా కాదు. సొంతంగా ఒక వస్తువు తయారుచేస్తుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ కొనలేదు. కొంటారన్న గ్యారంటీ కూడా లేదు. ఆ కంపెనీకి ఏసీ హాల్ కంటే ముందు కావాల్సింది 'సరే, మా దగ్గర పెట్టి చూడండి' అనే ఒక్క కస్టమర్. అంటే రోగం మారింది. మందు మాత్రం చాలా వరకు పాతదే నడుస్తోంది.

ఒక స్టార్టర్ బాక్స్ కథ.. ఎన్ని గడపలు తొక్కాలి?

మాటల్లో కాకుండా ఒక ఉదాహరణతో చూద్దాం. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఇంజినీర్లు ఒక స్టార్టర్ బాక్స్ తయారుచేశారనుకుందాం. బోరు మోటారుని సెల్‌ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేస్తుంది. బోరులో నీళ్లు తగ్గితే మోటారు కాలిపోకముందే తనంతట తనే ఆపేస్తుంది. ఐడియా బాగుంది. ఇంట్లో టేబుల్ మీద పనిచేస్తోంది. ఇక్కడి నుంచి పది ఊళ్లలో అమ్మే దాకా వాళ్లు ఎక్కడెక్కడికి వెళ్లాలి?

ముందు డిజైన్ గట్టిపడాలి. దానికి టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న ఓపెన్ అయింది, అప్పుడు ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియు కూడా వచ్చారు. తొలి దశలోనే 78 వేల చదరపు అడుగులు. 3డీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, సీఎన్‌సీ మెషిన్లు, సర్క్యూట్ బోర్డు పనులు.. సొంతంగా కొనుక్కుంటే ఆస్తులు అమ్ముకోవాల్సినవి అక్కడ వాడుకోవచ్చు. ఒకటి, రెండు, పది పీసులు చేసి చూడటానికి సరైన చోటు అది.

పది పీసులు దాటి వెయ్యి పీసులు కావాలంటే? బాక్స్‌కి ప్లాస్టిక్ బాడీ కావాలి. అంటే అచ్చు చేయించాలి. ఆ అచ్చులు, టూల్స్ పని తెలిసినవాళ్లు రాయదుర్గంలో ఉండరు. బాలానగర్‌లో ఉంటారు. అక్కడ 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ నడుస్తోంది. సీఐటీడీ అంటారు. చుట్టుపక్కల లేతు మిషన్ల షాపులు బోలెడు. ఇక ప్లాస్టిక్ మెటీరియల్ గురించి చెప్పేవాళ్లు చర్లపల్లిలో ఉన్నారు. సీపెట్ అక్కడే ఉంది.

బాక్స్ వర్షానికి, ఎండకి, వోల్టేజ్ దెబ్బలకి ఆగుతుందా? టెస్ట్ రిపోర్ట్ లేకపోతే ఏ పెద్ద ఆఫీసూ కొనదు. దానికి ఈసీఐఎల్ వైపు కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖకు చెందిన టెస్టింగ్ సెంటర్ ఉంది.

చివరికి పొలంలో పెట్టి చూడాలి. దానికి రాజేంద్రనగర్ వెళ్లాలి. వ్యవసాయ యూనివర్సిటీలో 2021లో మొదలైన అగ్‌హబ్ అక్కడే. కొంచెం దూరంలో జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ, అంటే నార్మ్, నడిపే 'ఎ-ఐడియా' ఉంది.

ఇప్పుడు మ్యాప్ ఒకసారి చూడండి. రాయదుర్గం, బాలానగర్, చర్లపల్లి, ఈసీఐఎల్, రాజేంద్రనగర్. ఊరికి నాలుగు వైపులా. వీటిలో ఏ ఒక్కటీ తక్కువది కాదు. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి చేయి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు ఉండాలి కదా? ఆ ఇద్దరు కుర్రాళ్లకు సీఐటీడీ అనే పేరు ఎవరు చెప్తారు? తెలిసిన సీనియర్ ఉంటే వారంలో పని అవుతుంది. లేకపోతే నెలలు పోతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఏ రంగానికి ఎక్కడ?

స్టార్టర్ బాక్స్ ఒక్కటే కాదు. రంగాన్ని బట్టి తలుపు మారుతుంది.

ఐడియా ఇంకా కాగితం మీదే ఉంటే, లేదా సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ అయితే టీ-హబ్, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోని ఇంక్యుబేటర్ సీఐఈ సహజంగా గుర్తొస్తాయి. టీ-హబ్ కంటే చాలా ముందే, 2008లోనే సీఐఈ మొదలైంది. టీ-హబ్ కూడా 2015 నవంబర్ 5న పుట్టింది ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లోనే. అప్పుడు రతన్ టాటా వచ్చి ప్రారంభించారు. ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్ భాగస్వాములుగా నిలిచాయి. అంటే టెక్నాలజీ, వ్యాపారం, న్యాయం.. మూడూ ఒకేచోట ఉండాలన్నది మొదటి ఆలోచన.

మందులు, వ్యాక్సిన్లు, డయాగ్నస్టిక్స్ అయితే దారి ఇటు కాదు. జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్, సీసీఎంబీకి అనుబంధంగా ఉన్న అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని ఆస్పైర్ బయోనెస్ట్. ఇక్కడ టేబుల్, కుర్చీ కాదు ముఖ్యం. ల్యాబ్ బెంచ్ ముఖ్యం. కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే 'బిగ్' గ్రాంట్ 50 లక్షల దాకా ఉంటుంది. దాన్ని నడిపించే భాగస్వాముల్లో ఐకేపీ ఒకటి.

డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్ల మీద పని చేస్తుంటే కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో టీహాన్ అనే టెస్ట్ ట్రాక్ ఉంది. వ్యవసాయమైతే ముందు చెప్పినవి కాక, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2003 నుంచే ఇంక్యుబేటర్ నడుపుతోంది. మహిళలు నడిపే వ్యాపారాలకు 2018 మార్చి 8న మొదలైన వీ-హబ్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వమే మహిళల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఇంక్యుబేటర్లలో దేశంలో అదే మొదటిది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇంక్యుబేటర్లో చేరేముందు అగ్రిమెంట్ చదవాలి. కొన్నిచోట్ల ఫీజు ఉంటుంది, కొన్నిచోట్ల కంపెనీలో వాటా అడుగుతారు. రెండూ తప్పు కాదు. కానీ తెలియకుండా సంతకం పెడితే రేపు పెట్టుబడి వచ్చే టైమ్‌లో అదే మెడకు చుట్టుకుంటుంది.

రెండు రిజిస్ట్రేషన్లు.. రెండు వేర్వేరు లాభాలు

చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. స్టార్టప్ గుర్తింపు వేరు, ఉద్యం రిజిస్ట్రేషన్ వేరు.

స్టార్టప్ గుర్తింపు ఇచ్చేది కేంద్రంలోని డీపీఐఐటీ. స్టార్టప్ ఇండియా 2016 జనవరి 16న మొదలైంది. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ, రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్ లాంటి రూపంలో ఉండాలి. సొంత పేరు మీద నడిపే ప్రొప్రైటర్‌షిప్‌కి రాదు. ఈ గుర్తింపు ఉంటే పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంటుంది. ప్రభుత్వ టెండర్లలో పాత టర్నోవర్, పాత అనుభవం చూపించాలన్న షరతుల్లో సడలింపు అడగొచ్చు. పన్ను మినహాయింపు మాత్రం దానంతట అదే రాదు. దానికి విడిగా అప్లై చేయాలి, కేంద్ర బోర్డు ఓకే చెప్పాలి.

డబ్బు విషయానికొస్తే, 2021లో 945 కోట్లతో కేంద్రం సీడ్ ఫండ్ స్కీమ్ తెచ్చింది. ఐడియాని నిరూపించుకోవడానికి 20 లక్షల దాకా గ్రాంట్, మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పు లేదా కన్వర్టిబుల్ రూపంలో సాయం. ఇది నేరుగా స్టార్టప్ చేతికి రాదు, ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తుంది. కంపెనీ పెట్టి అప్లై చేసే నాటికి రెండేళ్లు దాటకూడదన్నది రూల్. ఈ రూల్ తెలిసేసరికే రెండేళ్లు గడిచిపోతే అవకాశం చేజారినట్టే. ఏ ఇంక్యుబేటర్ దగ్గర దరఖాస్తులు తీసుకుంటున్నారో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక రెండోది ఉద్యం. 2020 జులై 1 నుంచి ఉంది. చిన్న వ్యాపారమని ప్రభుత్వం ఇచ్చే నంబర్ అది. పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే వెబ్‌సైట్ కనపడితే అది ప్రభుత్వానిది కాదని అర్థం. 'మాది టెక్ కంపెనీ, మాకెందుకు ఎంఎస్ఎంఈ' అని చాలామంది పక్కన పెట్టేస్తుంటారు. బిల్లు ఆగిపోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఆ సంగతి కిందకు వస్తే తెలుస్తుంది.

తొలి కస్టమర్‌గా సర్కారు నిలబడితే ఏమవుతుంది?

హైదరాబాద్‌లోనే దీనికి మంచి జవాబు ఉంది. స్కైరూట్ కంపెనీ. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాక 2018లో పెట్టారు. 2022 నవంబర్ 18న వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. దేశంలో ఓ ప్రైవేట్ కంపెనీ రాకెట్ ప్రయోగించడం అదే మొదటిసారి. ఎనిమిది రోజులకే, నవంబర్ 26న, ఇదే ఊరికి చెందిన ధ్రువ స్పేస్ తయారుచేసిన రెండు చిన్న ఉపగ్రహాలు పీఎస్ఎల్‌వీ మీద వెళ్లాయి.

వాళ్ల ప్రతిభకి తిరుగులేదు. పెట్టుబడి కూడా దొరికింది. కానీ రాకెట్ ఎగరాలంటే లాంచ్‌ప్యాడ్ కావాలి. దాన్ని ఏ స్టార్టప్ కట్టుకోలేదు. 2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకు తెరిచి, ఇన్-స్పేస్ అనే సంస్థని పెట్టింది. ఇస్రో సౌకర్యాలు వాడుకునే దారి దాని ద్వారా వచ్చింది. తలుపు తెరుచుకున్న రెండేళ్లకే రాకెట్ ఎగిరింది. ఇలాంటి సాయం ఫొటోల్లో పెద్దగా కనపడదు. పని మాత్రం ఇదే చేస్తుంది.

రక్షణ రంగంలోనూ ఇలాంటి దారి ఒకటుంది. 2018లో మొదలైన ఐడెక్స్. ఇక్కడ సైన్యమే తనకున్న సమస్య చెప్తుంది. పరిష్కారం చూపించే స్టార్టప్‌కి కోటిన్నర దాకా గ్రాంట్ ఇస్తారు. అది పాసైతే కొనుగోలుకి దారి ఉంటుంది. హైదరాబాద్‌కి ఇది బాగా పనికొచ్చే స్కీమ్. ఎందుకంటే డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్ఎల్ లాంటి ల్యాబులు, బీడీఎల్, మిధాని, ఈసీఐఎల్ లాంటి కంపెనీలు ఇక్కడే ఉన్నాయి. కొనేవాడు పక్క వీధిలోనే ఉన్నాడన్నమాట.

మరి మన స్టార్టర్ బాక్స్ కుర్రాళ్లకు? సైన్యానికి బోరు మోటార్ల పని లేదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో పేరు పెట్టుకోవచ్చు, షరతుల్లో సడలింపు కూడా ఉంది. అయితే పోర్టల్‌లో పేరు ఉండటం వేరు, ఆర్డర్ రావడం వేరు. ఒక అధికారి కొత్త కంపెనీ వస్తువు కొని, అది ఫెయిల్ అయితే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది ఆ అధికారే. పాత కంపెనీ దగ్గర కొంటే ఎవరూ అడగరు. అందుకే సడలింపు కాగితం మీద ఉన్నా చేయి ముందుకు పోదు. ఇది ఎవరి చెడ్డతనమూ కాదు, సిస్టమ్ అలా ఉంది.

దీనికి ఒక మార్గం చిన్న ట్రయల్ ఆర్డర్. ఒక మండలంలో 20 బాక్సులు, ఒక సీజన్, ముందే రాసుకున్న లెక్కలు. ఎన్ని మోటార్లు కాలకుండా మిగిలాయి, ఎన్ని బాక్సులు పాడయ్యాయి. ఫెయిలైనా అధికారి మెడకు చుట్టుకోని విధంగా రూల్ ఉండాలి. అలాంటి 20 బాక్సుల ఆర్డర్ కాగితం చేతిలో ఉంటే బ్యాంకు మేనేజర్ మాట్లాడే తీరే మారిపోతుంది.

ఆర్డర్ వచ్చింది.. డబ్బులేవి?

సరే, ఆర్డర్ వచ్చింది. సరుకు ఇచ్చేశారు. బిల్లు పెట్టారు. నెల దాటింది, రెండు నెలలు దాటాయి. 'సార్ సంతకం కాలేదు', 'బడ్జెట్ రాలేదు'. చిన్న కంపెనీలు మూతపడేది వస్తువు బాగోలేకే కాదు. చాలాసార్లు ఇక్కడే ఊపిరి ఆడదు.

ఉద్యం నంబర్ పనికొచ్చేది ఇప్పుడే. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న కంపెనీల దగ్గర కొన్నవాళ్లు 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాతపూర్వకంగా గడువు రాసుకున్నా 45 రోజులు దాటడానికి లేదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ కట్టాలి. కొన్నది ప్రైవేట్ కంపెనీ అయినా, సర్కారు ఆఫీసు అయినా రూల్ ఒక్కటే.

ఇవ్వకపోతే కేసు వేయొచ్చు. అది రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. చట్టంలో రాసిన గడువు 90 రోజులు. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకెళ్లాలంటే కొన్న కంపెనీ ముందు 75 శాతం డబ్బు డిపాజిట్ చేయాలి. ఇంత గట్టి చట్టం ఉంది. ఇంకోటి, ఆదాయపు పన్ను చట్టంలో తెచ్చిన మార్పు వల్ల, గడువులోగా చిన్న కంపెనీకి కట్టని బిల్లుని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు.

మరి ఎందుకు వాడుకోరు? కారణం సింపుల్. కేసు వేస్తే ఆ కస్టమర్ మళ్లీ ఆర్డర్ ఇవ్వడు. ఒక్కడే కస్టమర్ ఉన్న కంపెనీకి ఆ ధైర్యం ఎక్కడిది? అందుకే గొడవ లేని దారి ఇంకోటి తెలిసుండాలి. ట్రెడ్స్ అనే ప్లాట్‌ఫామ్స్ ఉన్నాయి. కొన్నవాళ్లు బిల్లుని ఒప్పుకుంటే చాలు, బ్యాంకులు పోటీపడి ఆ బిల్లు మీద ముందే డబ్బు ఇచ్చేస్తాయి. 250 కోట్లకు పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఇందులో చేరడం తప్పనిసరి చేశారు. పెద్ద కంపెనీకి అమ్ముతుంటే 'మీరు ట్రెడ్స్‌లో ఉన్నారా?' అని ఆర్డర్ తీసుకునే రోజే అడగాలి. అడిగితే కోపం వచ్చే ప్రశ్న కాదది.

లెక్క ఏది చూడాలి?

సర్కారు ఏదైనా, స్టార్టప్‌ల ప్రెస్‌మీట్‌లో వినపడే లెక్కలు దాదాపు ఒకటే. ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని స్టార్టప్‌లు, ఎన్ని ఎంఓయూలు. ఇవి అబద్ధాలు కావు. కానీ వీటితో స్టార్టర్ బాక్స్ కుర్రాళ్ల పరిస్థితి తెలియదు. తెలియాలంటే వేరే లెక్కలు కావాలి. హబ్‌లో చేరిన కంపెనీల్లో ఎన్నింటికి ఏడాదిలో తొలి ఆర్డర్ వచ్చింది? అందులో సర్కారు ఇచ్చినవెన్ని? వాటి బిల్లులు ఎన్ని రోజుల్లో క్లియర్ అయ్యాయి? ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కి ఎంతమందిని పంపించారు?

ఈ ప్రశ్నలు హైదరాబాద్‌కే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 20న మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దానికి శాఖలు. అంటే ఒక్క మూలన కాకుండా మొదటి నుంచే అన్ని వైపులా పెట్టారు. ఆలోచన మంచిదే. అక్కడ కూడా తొలి ఆర్డర్, బిల్లు గడువు లెక్కలు మొదటి రోజు నుంచే రాసుకుంటే, హైదరాబాద్ పదేళ్లలో నేర్చుకున్నది వాళ్లు రెండేళ్లలో నేర్చుకోవచ్చు.

టెక్ వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి కొన్నున్నాయి. కంపెనీ రిజిస్టర్ చేసిన వారంలోనే స్టార్టప్ గుర్తింపు, ఉద్యం రెండూ తీసేసుకోవాలి. బిల్డింగ్ పేరు చూసి కాకుండా, మీ వస్తువుకి ఏ ల్యాబ్ కావాలో చూసి ఇంక్యుబేటర్‌ని ఎంచుకోవాలి. ప్రతి ఆర్డర్ మీద డబ్బులిచ్చే గడువు రాయించుకోవాలి.

మిగతాది సర్కారు చేతిలో ఉంది. రాయదుర్గంలో లైట్లు వెలుగుతున్నాయి. బాలానగర్‌లో లేతు మిషన్లు తిరుగుతున్నాయి. ఈ రెండిటికీ మధ్య తిరుగుతున్న కుర్రాళ్లకు ఇంకో బిల్డింగ్ కంటే 20 బాక్సుల ఆర్డర్, 45 రోజుల్లో చెక్కు ఎక్కువ పనికొస్తాయి.